గిన్నె పడవకు కొత్త పలక

మా మేనమామ పడవలో చెక్క కుళ్ళిందని మొదట కనిపెట్టింది ఒక మేక. ఎండాకాలం చివర పాలేరు ఏటిలో నీళ్ళు పిక్కల లోతుకు దిగాయి. జనం నడిచే ఏరు దాటుతున్నారు. పని లేని పడవ ఒడ్డున తుమ్మచెట్టు నీడన ఉంది. మేక అందులోకెక్కి, తుమ్మకాయల కోసం ముందుకాళ్ళెత్తి వెనక బల్లమీద నిలబడేసరికి ఒక కాలు బల్లలోకి దిగబడిపోయింది. అరుపులు విని మామ, నేను పరుగెత్తాం. మామ మేకను విడిపించి, ఆ కన్నంలో తన వేలు పెట్టాడు. వేలు లోపలికే కాదు, పక్కకూ పోయింది.

“అల్లుడా, గిది చెక్కనా, చెరుకుపిప్పినా?” అన్నాడు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నేను సూర్యాపేటలో బస్సుల షెడ్డులో సామాన్ల గుమస్తాగా కొత్తగా చేరాను. సెలవు దొరికితే కోదాడ బస్సెక్కి, అక్కడి నుంచి ఏటి వెంట నడిచి అమ్మమ్మ ఇంటికి వెళ్ళేవాణ్ణి. డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది. ఆ రోజు పేజీలో రాసుకున్నది ఇంతే: “పైన ఉన్న బల్ల కుళ్ళింది. అడుగున నీళ్ళలో నానే పట్టీలు బాగున్నాయి. ఎందుకు?”

ఆ పడవ సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీకి అక్కరలేని సామాను బెజవాడలో వేలం వేస్తుంటే మామ కొని తెచ్చిన అల్యూమినియం పడవ అది. మా వైపు ఆ లోహాన్ని సిల్వర్ అంటారు. అప్పటికి మా ఊళ్ళకు అది గిన్నెలుగా, చెంబులుగానే తెలుసు. బండిమీద పడవను తెస్తుంటే నిజాం సరిహద్దు సుంకం నాకాలో గుమస్తా దాన్ని పడవగా రాయాలో వంటపాత్రగా రాయాలో తేలక చాలాసేపు కూర్చున్నాడని మామ చెప్పేవాడు. ఆ మాట ఊరికి చాలు. దాని పేరు గిన్నె పడవ అయిపోయింది. “ఏమయ్యా, ఇయ్యాల గిన్నెల ఏం కూర?” అని అడగకుండా ఎవరూ రేవు దాటేవారు కాదు.

ఒళ్ళంతా సన్నటి రేకు. చెక్క ఉన్నది మూడు చోట్ల: కాళ్ళ కింద పట్టీలు, కూర్చునే అడ్డబల్లలు, వెనక పలక. దానికి ముందు మొన ఉంది గాని వెనక లేదు, నరికినట్టు మొండిగా ఉంటుంది. ఆ మొండి వెడల్పంతా మందపాటి పలక. దానికి బయటివైపు రేకు, పైఅంచు మీదుగా మడిచి లోపలికి దించిన రేకు. మామ ఆ పలకకు మోకాలు ఆనించి నిలబడి గడ వేసేవాడు. చిన్నతనంలో బండిచక్రం ఎక్కి ఆయన ఎడమకాలు సన్నబడింది. నాగలి వెంట నడవలేడు, గొర్రెల వెంట తిరగలేడు. నీళ్ళమీద మాత్రం ఆయనకు కుంటి లేదు.

అందుకే ఆ రేవు ఆయనకు అన్నం. దాటినందుకు రైతులు ఏ రోజుకారోజు ఏమీ ఇవ్వరు. పంట కోశాక కల్లం దగ్గర గింజలు పోస్తారు. ఏటేటా మొదటి వరద రాగానే తహసీలు నుంచి గిర్దావర్ వచ్చి, పడవ గట్టిగా ఉందో లేదో చూసి, రేవు గుత్త ఎవరిదో ఖాయం చేస్తాడు. ఆ ఏడు ఎగువ ఊరి ఆయన ఒకడు తనకూ కావాలన్నాడు. ఆయన దగ్గర రెండు పుట్లున్నాయి. పుట్టి అంటే వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి తెప్ప. గిర్దావర్ ముందు గిన్నె పడవ నీళ్ళు తాగితే రేవు పుట్లాయనది. మామకు చేతనైన పని ఇంకొకటి లేదు.

మేక సంగతి తేలాక వెనక పలకనూ చూశాం. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంది. మడత రేకును చాకుతో కొంచెం ఎత్తితే పుట్టగొడుగుల వాసన కొట్టింది. లోపలి చెక్క నల్లగా, తడి పేడలా చేతికొచ్చింది.

“దీనికా నేను మోకాలు ఆనించింది?” అన్నాడు మామ. “ఇంకొక్క వాన పడితే నేనే ఎనక నుంచి ఏట్ల పడుదును.”

నా ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రోజూ నీళ్ళలో నానే పట్టీలకు ఏమీ కాకుండా, వాన చుక్క తప్ప తగలని పలక ఎలా కుళ్ళింది? సూర్యాపేట తిరిగి వెళ్ళాక షెడ్డులో బస్సుల చుట్టూ తిరిగాను. ఆ రోజుల్లో బస్సు ఒళ్ళు అంటే చెక్క చట్రం మీద సిల్వర్ రేకు. మరమ్మతుకు వచ్చిన ప్రతి బస్సులోనూ చెక్క ఒకే చోట కుళ్ళింది, కిటికీల కింద. కిటికీ లోంచి దిగిన వాననీరు రేకు వెనక నిలుస్తుంది, దానికి గాలి తగలదు, ఎండ తగలదు. పట్టీలు తడుస్తాయి, ఆరుతాయి. పలక తడుస్తుంది, ఆరదు. తడి కాదు చెక్కను తినేది, ఆరకపోవడం. ఇంత చిన్న సంగతి తెలిసినందుకు ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషమో.

షెడ్డు మేస్త్రిని అడిగి, రేకులు కొట్టగా మిగిలిన సిల్వర్ రివిట్లు సంచిలో వేసుకుని మళ్ళీ వెళ్ళాను. అప్పటికి వడ్ల తాత పలక సిద్ధం చేశాడు. వడ్ల తాత అంటే ఊరి వడ్రంగి, బండ్లూ నాగళ్ళూ చేసే ముసలాయన. ఏ చెక్క వేయాలన్న దానిమీద మామకూ ఆయనకూ వారం రోజులు వాదన జరిగిందట. మామ మద్ది అన్నాడు. తాత నేరేడు అన్నాడు. బావి అడుగున మన్ను జారకుండా ఒర వేసేది నేరేడుతోనే కదా అని ఆయన మాట. చివరికి తాత దొడ్డి వెనక గుంటలో నానబెట్టుకున్న నేరేడు దుంగ దొరికింది కాబట్టి తాత గెలిచాడు.

నేను వస్తూనే బరమా అడిగాను. చెక్కకు తాడుతో తిప్పి కన్నాలు పెట్టే పనిముట్టు అది.

“ఎందుకు?” అన్నాడు మామ.

“లోపలి మడతకు అడుగున బొక్కలు పెడదాం మామా.”

“ఏమంటివి?”

“బొక్కలు.”

మామ వడ్ల తాత వైపు తిరిగాడు. “ఇన్నవా బావా? సర్కారు నౌకరీ జేస్తుండని మురిసిన. పడవకు బొక్కలు పెడ్తడట!”

“పెట్టనీయి,” అన్నాడు తాత ఉలి నూరుకుంటూ. “గిర్దావర్ సాబుకు పరేషాన్ లేదు. సూడంగనే ఖతం.”

కన్నాలు ఏటి వైపు కాదని, పడవ లోపలి వైపు మడతకేనని, దిగిన నీరు కారిపోయి చెక్క ఆరుతుందని బొగ్గుతో నేలమీద బొమ్మ గీసి చూపించాను. తాత బొమ్మను చాలాసేపు చూసి, “మా ఇంటి ధాన్యం గుమ్మికి కింద గాలికి సందు పెడ్తం గదా, గట్లనా?” అన్నాడు. అంతే. ఇక ఆ కన్నాలు తన ఆలోచనే అన్నట్టు తానే బరమా తిప్పాడు.

పాత రివిట్లు కోసి, కుళ్ళిన పలక తీసి, కొత్తది దించాం. మేక కాలు దిగబడిన అడ్డబల్లనూ మార్చాం. నేరేడు పలక రేకు మడతలో ఒరలో కత్తిలా కూర్చుంది. మిగిలింది సందులు పూడ్చడం. అందులో ఎవరికీ సందేహం లేదు. మా వైపు నీళ్ళు ఆగాలంటే సున్నమే. బావి గచ్చు సున్నం, తొట్టి గచ్చు సున్నం. తాత అప్పటికే సున్నం నానబోసి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి, రోట్లో వెన్నలా నూరించి ఉంచాడు. పలక చుట్టూ, రివిట్ల మీద, అడుగు మూలల్లో వేళ్ళతో నొక్కి నొక్కి పెట్టాం. పెట్టిన కాసేపటికి సున్నంలోంచి సన్నగా సుయ్‌మనే చప్పుడు. అంచుల్లో చిన్న చిన్న బుడగలు.

“ఉడుకుతున్నది,” అన్నాడు తాత తృప్తిగా. “మంచి సున్నం. పట్టుకుంటది.”

సున్నం ఉడకడం మాకందరికీ తెలిసిందే. రాళ్ళమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. అందుకే ఎవరికీ ఏమీ అనిపించలేదు. తడిగోనె కప్పి ఇంటికొచ్చాం. మూడో రోజు చూడబోతే గోనె కింద బుడగలు ఇంకా లేస్తున్నాయి. సున్నం ఉడికేది ఒక్కసారే కదా? రోట్లో పడకముందే చల్లారిన సున్నం మళ్ళీ ఎందుకు ఉడుకుతోంది? తాతను అడిగితే, బెల్లం పులిసిందేమో అన్నాడు. అదీ కావచ్చు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ భోజనం చేసి అరుగుమీద కూర్చుని ఆకు వేసుకుంటోంది. బొడ్డుసంచి లోంచి ఇత్తడి సున్నపుకాయ తీసింది. నాకు గుర్తొచ్చి అడిగాను.

“అమ్మమ్మా, మామ సూర్యాపేట అంగడిల నీకు సిల్వర్ డబ్బీ కొనుక్కొచ్చిండు గదా, అదేది?”

“గా డబ్బీ పేరెత్తకు బిడ్డా. ఎండి లెక్క మెరుస్తున్నదని తెచ్చిండు మీ మామ. ఒక్క వానకాలం ఆగలే. జల్లెడ అయింది. సంచి ఖరాబు, కోక ఖరాబు. దుకాణపోడు మోసం జేసిండని మీ మామనే ఇంత తిట్టిన.”

“పారేసినవా?”

“ఎందుకు పారేస్త? కోడిపిల్లలకు నూకలు ఏస్తున్న దాంట్ల.”

కోళ్ళగూడు దగ్గర దొరికింది డబ్బీ. పైన మూత నిగనిగలాడుతోంది. అడుగున, సున్నం ఉండే చోట, నల్లబడి సూది బెజ్జాలు. ఆకాశానికి పెట్టి చూస్తే వెలుతురు చుక్కలుగా కనిపించింది. మూత బాగుంది, అడుగే పోయింది. దుకాణంవాడి మోసం అయితే రెండూ పోవాలి కదా.

పలక తీసేటప్పుడు కత్తిరించిన రేకు ముక్కలు రెండు తెచ్చి, అరుగుమీద ఎండలో పెట్టాను. ఒకదానిమీద తాత నూరిన సున్నం, ఇంకోదానిమీద ఒట్టి తడిమన్ను. అమ్మమ్మ ఆకు నములుతూ చూస్తూ కూర్చుంది.

“ఏం పిండివంట రా అది?”

“సూస్తున్న అమ్మమ్మా.”

సున్నం పెట్టిన ముక్క సుయ్‌మంది. మన్ను పెట్టినది ఊరుకుంది. పొద్దు వాలేలోపు రెండూ తుడిచి చూస్తే, మన్ను కింద రేకు ఎప్పటిలా ఉంది. సున్నం కింద రేకు బూడిదరంగుకు తిరిగి, గోటితో గీరితే గరుకుగా గుంటలు తగిలాయి. నేను లేచి నిలబడ్డాను. అమ్మమ్మ నోట్లో ఆకు నమలడం ఆపింది.

“సున్నం తింటున్నదా ఏందిరా దాన్ని?” అంది. “ఓరి దేవుడా. మరి పడవ?”

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో ఉండగా ఒక పుస్తకంలో చదివాను. అల్యూమినియానికి కంటికి కనబడని పలుచటి పొర ఒకటి ఉంటుందట. నీళ్ళను అది ఆపుతుంది, సున్నపు ఘాటుకు అది కరిగిపోతుంది. ఆ రోజు మాకు పొర సంగతి తెలియదు. ముక్కను మామ చేతిలో పెట్టాను, ఆయన దాన్ని వడ్ల తాత చేతిలో పెట్టాడు. తాత ఒప్పుకోలేదు. “సున్నం ఎన్నడన్న మోసం జేసిందా? నూరేండ్ల గచ్చు బాయిలు లేవా?”

“బాయి రాయి తాతా. ఇది రాయి కాదు.”

ఆయన ముక్కను వాసన చూశాడు, నాలుకకు తగిలించుకున్నాడు, ఎండకు పెట్టి చూశాడు. అప్పుడు నెమ్మదిగా, “రాయికి మంచిది, బియ్యానికి పురుగు పట్టకుండ మంచిది. దీనికే ఎందుకు పడదో!” అన్నాడు. ఆయన ముఖంలో ఓటమి ఏమీ లేదు. నాకు ఉన్న కుతూహలమే ఆయనకూ పట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన కనబడిన ప్రతి సిల్వర్ మీదా సున్నం రాసి చూస్తున్నాడని ఆడవాళ్ళు చెంబులు దాచుకున్నారు.

మేఘాలు పడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే అందరం రేవుకు వెళ్ళి సున్నమంతా గీకేశాం. అయినా సందుల్లో తెల్లగా మిగిలింది. మేము ఇంకా గీకుతుంటే అమ్మమ్మ, “సిల్వర్ గిన్నె నల్లబడితే ఏం జేస్తరు? చింతపండేసి తోముతరు. అది సున్నాన్ని ఇరగ్గొడ్తది. నోరు సున్నానికి కాలితే నేను పులుపు నములుత గదా,” అని ఇంటినుంచి పాత చింతపండు కుండ తెప్పించింది. కొబ్బరిపీచుతో మేము నలుగురం పడవ తోముతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

“ఏందమ్మా, పెండ్లి వంటనా?”

“అవ్, మీకే మొదటి ఇస్తరి. రా, తోము,” అంది అమ్మమ్మ.

నల్లబడిన చోట్లు చాలావరకు తెల్లబడ్డాయి. ఈసారి సందులకు పుట్లు కట్టేవాళ్ళు వాడేదే వాడాం. గుగ్గిలం ఆముదంలో కరిగించి, దూది ముంచి, వేడివేడిగా కుక్కడం. ఖాళీ పడవను నీళ్ళలో దించి పొద్దంతా చూశాం. లోపల చెమ్మ లేదు. మామ ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆషాఢంలో ఏటికి ఎర్రటి వరద వచ్చింది. గిర్దావర్ గొడుగుతో, బూట్లు చేతబట్టుకుని వచ్చాడు. పుట్లాయన ముందే వచ్చి ఒడ్డున చుట్ట కాలుస్తున్నాడు. ఆనవాయితీ ప్రకారం మామ ఏటికి పసుపు కుంకుమ వేసి, కొబ్బరికాయ కొట్టి, “దయచేయండి దొరా,” అన్నాడు.

గిర్దావర్ పడవను చూశాడు, ఏటిని చూశాడు. “ముందు మీరు పోయి రండి. మంది నిండాలె. తర్వాత చూద్దాం.”

“గిన్నెల ఎవ్వరు కూసుంటరు సాబ్, ఉడికిపోతరు,” అన్నాడు పుట్లాయన. జనం నవ్వారు గాని ఎవరూ కదల్లేదు. మామ ముఖం చూడలేకపోయాను.

అంతవరకు ఎన్నడూ ఆ పడవెక్కని అమ్మమ్మ కోక చెక్కుకుని నీళ్ళలోకి దిగింది. “జరగండ్రా. మొదటి ఇస్తరి నాది,” అని పోయి వెనక అడ్డబల్లమీద కూర్చుంది. “నా పలక నేను ఇడుస్తనా?” అంటూ వడ్ల తాత ఎక్కాడు. వాళ్ళిద్దరినీ చూసి విత్తనాల మూటలతో రైతులు ఎక్కారు. చివర నేనెక్కి కొత్త పలక పక్కన, పడవ అడుగున కూర్చున్నాను. మామ నా వెనకే నిలబడి పలకకు మోకాలు ఆనించి గడ వేశాడు.

నడి ఏటికి రాగానే చూశాను. పలక పక్క రేకులో, రాళ్ళమీద ఈడ్చి అరిగిన చోట ఒక నీటిబొట్టు, ఆవగింజంత. తుడిచాను. మళ్ళీ వచ్చింది. ఖాళీ పడవలో ఆ చోటు నీళ్ళకు పైన ఉండేది, మనుషులు నిండాక కిందికి పోయింది. సున్నం తన పని అక్కడ ముందే చేసుకుంది. బొటనవేలు దానిమీద పెట్టి అదిమాను.

“ఏందిరా గట్ల వంగినవ్, కడుపు నొస్తున్నదా?” అంది అమ్మమ్మ.

“లేదమ్మమ్మా, రివిటి సూస్తున్న.”

అవతలి ఒడ్డు తాకి, మూటలు దింపి, అటువైపు వాళ్ళను ఎక్కించుకుని తిరిగి వచ్చాం. నేను దిగలేదు. వేలు తీయలేదు. గిర్దావర్ ఒడ్డునుంచే వంగి, పట్టీల కింద చేయిపెట్టి తడిమి, చేతిని ఎండకు చూసుకున్నాడు. పొడిగా ఉంది. “అమ్మా, కాళ్ళు తడిసినయా?” అని అమ్మమ్మను అడిగాడు.

“ఎక్కేటప్పుడు తడిసినయి. లోపల ఆరినయి.”

రేవు మామకే అని అందరి ముందు చెప్పి ఆయన గొడుగు విప్పాడు. పుట్లాయన చుట్ట పారేసి, “గిన్నె గెలిచిందయ్యా,” అని నవ్వుతూనే పోయాడు.

జనం పలుచబడ్డాక నేను నెమ్మదిగా, “మామా, ఇగ ఎవ్వరినీ ఎక్కియ్యకు. ఇక్కడ ఒక బెజ్జం ఉన్నది,” అని వేలు తీశాను. బొట్టు వచ్చింది.

మామ కదల్లేదు. గడ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఎటువైపు గడ వేసినా ఆయన మోకాలు పలకమీద ఒకే చోట ఉందని అప్పుడు తోచింది.

“నీది ఒకటేనా?” అన్నాడు. మోకాలు తీశాడు. పంచెమీద రూపాయి బిళ్ళంత తడి. దాని వెనక, పలకకు కొట్టిన కొత్త రివిటి పక్కన ఇంకో ఆవగింజ.

అమ్మమ్మ ఇద్దరినీ చూసి బొడ్డుసంచి విప్పింది. ఇత్తడి సున్నపుకాయ చేతిలోకి తీసుకుని, మూత తీయబోయి, పడవలో ఉన్నానని గుర్తొచ్చినట్టు ఆగింది.

“ముందు నన్ను ఒడ్డుకు దించుండ్రి,” అంది. “సున్నం బయట ఏసుకుంట.”